రంగూన్ మేడ పక్కిల్లు

ఇద్రీస్ లారీలకు బొమ్మలు వేసేవాడు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు ఆగేచోట వరుసగా రేకుల షెడ్లుండేవి. వాటిలో ఒకదాంట్లో అతనికి ఒక మూల, ఒక స్టూలు, డబ్బా నిండా కుంచెలు ఉండేవి. వడ్రంగులు బాడీ కట్టడం ముగించి కొత్త బండిని అతని ముందు నిలబెడితే, మళ్ళీ రోడ్డెక్కేసరికి దాన్ని ఓనరే పోల్చుకోలేకపోయేవాడు. తలుపుల మీద నెమళ్ళు, వెనకాల సింహం, పక్కలనిండా తామరపూలు. విశాఖపట్నంలో తనను మించిన పెయింటరు లేడని ఇద్రీస్ అందరికీ చెప్పేవాడు. గొప్పకు చెప్పేవాడు కాదు, బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టు చెప్పేవాడు.

తొంభై ఒకటి వానాకాలంలో లారీ క్యాబిన్ మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు వేసి, కాలు కింద పెట్టొద్దన్నారు. ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషి ఊరుకున్నాడా అంటే, లేదు. భార్య మదీనా బీ ఉల్లిపాయలు తరుగుతుంటే తరిగే పద్ధతి అది కాదన్నాడు. బట్టలు ఆరేస్తుంటే తీగ మీద రంగుల వరస బాగాలేదన్నాడు. ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు రిక్షా మాట్లాడుకుని షెడ్డుకెళ్ళి, మిగిలిపోయిన రంగు డబ్బాలూ కుంచెలూ తెచ్చి వాకిట్లో పెట్టింది. కుర్చీ వేసి, ఈ గోడను ఏం చేసుకుంటావో చేసుకో, నా వంట జోలికి మాత్రం రాకు అంది. మనుషుల బొమ్మలు మాత్రం ఇంటి గోడ మీద వద్దని షరతు పెట్టింది.

కట్టు విప్పేనాటికి ఇంటి ముందు గోడంతా నిండిపోయింది. రెండు పెద్ద నెమళ్ళు, తలుపుకు అటూ ఇటూ సింహాలు, కిటికీ చుట్టూ తీగలు, పైన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని కింద పోర్టులోకి వస్తున్న ఇనుప ఖనిజం ఓడ. చెయ్యి అలవాటున పడిపోయి, గుమ్మం పక్కన కింద ‘హారన్ ప్లీజ్’ అని కూడా రాసేశాడు. మదీనా బీ నీళ్ళ డ్రమ్మును ఆ అక్షరాల ముందుకు జరిపింది.

ఆ ఇంటిని ఆనుకునే రంగూన్ మేడ ఉంది. మా పాతపట్నంలో ఓడ వర్తకులు కట్టుకున్న మేడలు ఒకప్పుడు చాలా ఉండేవి. ఈ మేడవాళ్ళు కరక్కాయలూ నువ్వులూ బెల్లమూ రంగూనుకు పంపేవారు. పై అంతస్తు హాలులో నాలుగు గోడలకూ ఎక్కడెక్కడి నుంచో చిత్రకారుల్ని పిలిపించి బొమ్మలు రాయించారట. ఇప్పుడు ఆ వంశంలో ఆ ఇంట మిగిలినవాడు దొరబాబు. పెళ్ళీ పెటాకులూ లేవు. వీధి అరుగు మీద ఎస్టీడీ బూత్ పెట్టుకుని, లోపల కింది గదిలో వంట చేసుకునేవాడు. బూత్ పసుపురంగు బోర్డు మేడ ముఖాన్ని సగం కప్పేసింది. మిగతా సగం ఉప్పుగాలికి పెచ్చులూడి, అక్కడొక మేడ ఉందని చెబితే తప్ప తెలిసేది కాదు. ఇద్రీస్, దొరబాబు చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్ళు. సాయంత్రం టీ ఎప్పుడూ కలిసే తాగేవాళ్ళు.

తొంభై ఆరులో ఒక ఉదయం వీధి మొదట్లో బస్సు ఆగింది. అందులోంచి ఉక్కునగరం మహిళామండలి దిగింది. వాళ్ళకు పెద్ద కామేశ్వరి. గుడివాడ ఆడపడుచు. భర్త స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్. టౌన్‌షిప్ ఆడవాళ్ళు విహారయాత్ర అంటే ప్రతిసారీ రుషికొండ వెళ్ళి, అదే సముద్రాన్ని చూసి, అదే పులిహోర తిని వస్తున్నారని ఆవిడకు బాధ. ఆదివారం పేపర్లో పాతపట్నం వర్తకుల బొమ్మల మేడ గురించి చదివి, ఈసారి చరిత్ర చూపిస్తానని అందర్నీ బయల్దేరదీసింది. వీధి మొగలో బొమ్మల ఇల్లు ఏదని అడిగింది. అడిగినవాళ్ళందరూ ఏమాత్రం తడుముకోకుండా ఇద్రీస్ ఇల్లు చూపించారు.

మదీనా బీ వాకిట్లో కత్తిపీట వేసుకుని కానాగంత చేపలు బాగుచేస్తోంది. తలెత్తేసరికి వీధి నిండా పట్టుచీరలు. రేషన్ కార్డుల తనిఖీ అనుకుని చెయ్యి కడుక్కుని లేచింది.

“నమస్కారమండీ. మీ ఇల్లు చూద్దామని వచ్చాం. ఉక్కునగరం నుంచి” అంది కామేశ్వరి.

మదీనా బీకి అర్థం కాలేదు గానీ, అంత దూరం నుంచి వచ్చి ఇల్లు చూస్తామన్నవాళ్ళను ఎందుకని అడగడం మర్యాదగా తోచలేదు. రండమ్మా అంది. చేపల పళ్ళెం లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.

ఈలోగా కామేశ్వరి గోడ ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఇవి నూటయాభై, రెండొందల ఏళ్ళనాటి చిత్రాలని చెప్పింది. మోదుగపూలు, నీలిమందు ఆకు, కోడిగుడ్డు సొన కలిపి నూరిన రంగులు కాబట్టే ఇంకా ఇలా మెరుస్తున్నాయంది. ఓడను చూపించి డచ్చివాళ్ళ ఓడ అంది. శ్రీసత్య అనే చిన్న వయసావిడ, డచ్చివాళ్ళ ఓడకు పొగగొట్టం ఎందుకుందని అడిగింది. కామేశ్వరి కాసేపు కళ్ళు చికిలించి చూసి, అది పొగగొట్టం కాదు, వెనకాల దూరంగా ఉన్న దీపస్తంభం అంది. అందరూ తలలూపారు. గుమ్మంలో టీ పళ్ళెంతో నిలబడ్డ మదీనా బీకి విషయం అప్పటికి బోధపడింది. గుమ్మం పక్కనే మంచం కింద కనబడుతున్న ఎనామెల్ రంగు డబ్బాలను కాలితో మెల్లగా ఇంకాస్త లోపలికి నెట్టింది.

సాయంత్రం ఇద్రీస్ వచ్చాక సంగతంతా చెప్పింది. అతను ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. మెచ్చుకోవడం బాగానే ఉంది, కానీ మెచ్చుకున్నది ఎవరిని? ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళను.

“నాను బతికే ఉన్నాను గదే” అన్నాడు. “ఎల్లి సెప్పేత్తాను.”

మదీనా బీ వద్దంది. ఇంటికొచ్చి, టీ తాగి, వీధి పిల్లల చేతుల్లో బిస్కట్లు పెట్టి వెళ్ళిన ఆడవాళ్ళను ఇప్పుడు వెనక్కి పిలిచి సిగ్గుపడేలా చేస్తావా అని కోప్పడింది. ఎలాగూ మళ్ళీ రారు కదా అంది.

వచ్చారు. కామేశ్వరి టౌన్‌షిప్ పత్రికలో వ్యాసం రాసింది. అది చదివి మరో మహిళామండలి వచ్చింది. మద్దిలపాలెం నుంచి కాలేజీ అమ్మాయిలు వచ్చారు. ఎలమంచిలి నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు భార్యతో సహా రైలెక్కి వచ్చి, సింహాలకు దణ్ణం పెట్టి వెళ్ళారు. మదీనా బీకి ఈ వ్యవహారం మెల్లగా నచ్చసాగింది. వాకిలి రోజూ కడిగేది. మంచి కప్పులు కింది అరలోకి మార్చింది. ఎవరైనా ఏదైనా అడిగితే, ఉక్కునగరం పెద్దమ్మగారు పేపర్లో రాశారు కదా అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇద్రీస్ మాత్రం తట్టుకోలేకపోయాడు. జనం వచ్చే రోజుల్లో షెడ్డు నుంచి పెందలాడే వచ్చేసి, తనూ ఎక్కడి నుంచో వచ్చినవాడిలా గుంపులో నిలబడేవాడు. పక్కవాళ్ళను మోచేత్తో తట్టి, ఆ నెమలి బాగుంది కదండీ, మెడ దగ్గర ఆ నీలం చూశారా అని అడిగేవాడు. బాగుందంటే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఒకాయన మాత్రం నెమళ్ళు సరే గానీ సింహం మొహం కుక్క మొహంలా ఉందన్నాడు. ఇద్రీస్ ఆయనతో వీధి చివరిదాకా వాదిస్తూ వెళ్ళాడు. ఆ రాత్రి, అనుమానమొచ్చి, మదీనా బీని అడిగాడు. ఆవిడ కాస్త కుక్కలాగే ఉంటుంది, నేనెప్పుడూ చెప్పలేదంతే అంది.

ఇదంతా దొరబాబు బూత్‌లో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. మొదట్లో సరదాగానే ఉండేది. బస్సులు పెరిగేకొద్దీ సరదా పోయింది. ఒకరోజు టీ దగ్గర కక్కేశాడు.

“ఏటి బావా ఇది? పేపరోడు రాసింది నా మేడ గురించి. జనమేమో నీ ఇంటికాడ టీలు తాగతన్నారు. నా ఇంటికొచ్చినోళ్ళు ఎస్టీడీ సేసుకుని ఎల్లిపోతన్నారు. మా తాతల పేరేటవ్వాల?”

నిజమే కదా అనిపించింది ఇద్రీస్‌కు. జనాన్ని అటు పంపిస్తానన్నాడు. పంపిస్తే లాభం లేదన్నాడు దొరబాబు. ఒకరిద్దర్ని తను పైకి తీసుకెళ్ళాడట. వాళ్ళు వెలిసిపోయిన గోడల్ని చూసి, గబ్బిలాన్ని చూసి, బొమ్మలేవీ అని అడిగి దిగిపోయారట. అందుకని ఒక ఉపాయం చెప్పాడు. ఇద్రీస్ పైకొచ్చి, ఆ గోడలకు పైనుంచి మళ్ళీ రంగులేసెయ్యాలి. గీతలు ఎలాగూ లీలగా ఉన్నాయి, వాటి మీదే వేసుకుంటూ పోవడమే.

ఇద్రీస్ వెంటనే ఒప్పుకున్నాడు. చచ్చిపోయిన ఆ చిత్రకారులకు ఒక పాఠం చెప్పినట్టూ ఉంటుందనుకున్నాడు. పక్కింట్లో పుట్టి పెరిగినా ఆ హాలులోకి అతనెప్పుడూ వెళ్ళలేదు. దొరబాబు తండ్రి ఉన్నన్నాళ్ళూ ఎవర్నీ పైకి రానిచ్చేవాడు కాదు. ఆయన పోయాక వెళ్ళాలన్న ధ్యాసే రాలేదు.

కుంచెలు చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. కిటికీ రెక్క తోసి, మెత్తని గుడ్డతో గోడ మీద దుమ్ము విదిలించాడు. ముందు ఏమీ కనబడలేదు. ఎండ కొంచెం లోపలికి వచ్చాక గోడలోంచి ఒక ఓడ మెల్లగా బయటికి వచ్చింది. మూడు తెరచాపలు. కింద తీరాన బస్తాలు మోస్తున్న కూలీలు, పల్లకీలో షావుకారు. పక్కన మేడ వరండాలో నిలబడి ఓడను చూస్తున్న ఒక ఆడమనిషి. ఆమె నుదుటి నుంచి గడ్డం దాకా మొహమంతా ఒకే గీత. కుంచె ఎక్కడా ఎత్తలేదు, తడబడలేదు.

ఇద్రీస్ చాలాసేపు చూశాడు. తర్వాత చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నేల మీది దుమ్ములో వేలితో ఆ గీత గీశాడు. రాలేదు. చెరిపేసి మళ్ళీ గీశాడు. అలా చెరుపుతూ గీస్తూ ఉండిపోయాడు. కింద నుంచి దొరబాబు, అయిందా బావా అని కేకేశాడు. ఇద్రీస్ కుంచెలు పట్టుకుని దిగి, నేరుగా ఇంటికి పోయాడు.

అప్పటి నుంచి షెడ్డు నుంచి రాగానే ఆ హాలులోకి వెళ్ళి కూర్చునేవాడు. అన్నం సరిగ్గా తినడం లేదని మదీనా బీ కంగారుపడింది. లారీల మీద నెమళ్ళు కూడా నీరసంగా వస్తున్నాయని షెడ్డులో చెప్పుకున్నారు. తనను మించిన పనివాడొకడున్నాడు. వాడు గోడకవతల నూరేళ్ళపైగా అలా ఉన్నాడు. తను వాడికి ఇవతల కూర్చుని సింహానికి కుక్క మొహం వేశాడు.

ఒక సాయంత్రం మాత్రం నవ్వుకుంటూ వచ్చి, చేపల పులుసు మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. మదీనా బీ ఏమైందని అడిగింది. ఓడ తెరచాపలు గాలికి ముందుకు ఉబ్బాయట. మీద జెండా మాత్రం వెనక్కి ఎగురుతోందట. ఒకే ఓడ మీద గాలి రెండువైపులా ఎలా వీస్తుంది? అంత పనివాడూ అక్కడ బోల్తా కొట్టాడు.

“దానికింత సంబరమేటి?” అంది ఆవిడ.

“తప్పు సేసినాడంటే మనిసే గదే” అన్నాడు ఇద్రీస్. “నాను బయపడిపోనాను.”

మర్నాడే వెళ్ళి దొరబాబుకు చెప్పేశాడు. ఆ గోడ మీద నేను కుంచె పెట్టను, ఇంకెవర్నీ పెట్టనివ్వను అని. దొరబాబుకు ఒళ్ళు మండింది. నీ ఇంటికి వేసుకున్నావు గానీ నా ఇంటికి వెయ్యవా అన్నాడు. జనం అటు రావడం నీకిష్టం లేదన్నాడు. టీ మానేశాడు, మాట మానేశాడు. చిక్కేమిటంటే ఇద్రీస్‌కు ఫోన్లన్నీ దొరబాబు బూత్‌కే వచ్చేవి. లారీ ఓనర్లు ఫోన్ చేస్తే, ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఇద్రీస్‌ను చూస్తూనే, ఆ పేరుగలోళ్ళు ఇక్కడెవరూ నేరండి అని పెట్టేసేవాడు. తర్వాత మనసొప్పక, మదీనా బీని పిలిచి, మీ ఆయనకు ఫోనొచ్చిందని చెప్పమ్మా అనేవాడు.

ఇలా నడుస్తుండగా కామేశ్వరి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆటోలో, ఉమాశంకర్ అనే యూనివర్సిటీ చరిత్ర లెక్చరర్‌ను వెంటబెట్టుకుని. ఆయన బాగా మెతక మనిషి. వీధిలోంచి గోడను చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. అయినా ఆవిడ అంత ఉత్సాహంగా చెబుతుంటే ఆపలేక, ఊఁ అంటూ తలూపుతూ నిలబడ్డాడు. ఆవిడ దీపస్తంభం దాకా వచ్చేసరికి ఆయనకు ఎటు చూడాలో తెలియక కిందికి చూశాడు. డ్రమ్ము వెనకాల అక్షరాలేవో కనిపించాయి. అవేమిటండీ అన్నాడు, తప్పించుకోవడానికి. శాసనమేమో అనుకుని కామేశ్వరే డ్రమ్మును పక్కకు లాగింది. వంగి పైకే చదివింది.

“హారన్ ప్లీజ్.”

కామేశ్వరి నెమళ్ళ వైపు చూసింది, ఓడ వైపు చూసింది, పొగగొట్టం వైపు చూసింది. మెడ దాకా ఎర్రబడిపోయింది. మదీనా బీ కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్ళు ఇచ్చింది.

“ఒక్క మాట చెప్పొచ్చు కదండీ” అంది కామేశ్వరి చివరికి. “ఇన్నాళ్ళూ ఎంతమందికి చెప్పానో.”

“మీరు అడగనేదమ్మా” అంది మదీనా బీ. “మీరే సెప్పినారు. మేం ఇన్నాం. బాగా సెప్పినారు కూడా.”

అప్పుడే షెడ్డు నుంచి వచ్చిన ఇద్రీస్ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కామేశ్వరి అతన్ని పైనుంచి కిందికి చూసింది. గోళ్ళలో నీలం రంగు.

“ఇవన్నీ మీరే వేశారా?”

అవునన్నాడు. ఈ మాట ఎవరైనా అడగాలని అతను ఎన్నాళ్ళుగానో ఎదురుచూశాడు. తీరా అడిగాక చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆవిడ లేచి నెమలి దగ్గరకెళ్ళి, మెడ దగ్గర కాసేపు చూసింది.

“బాగుందండీ. అప్పుడూ బాగుందనే అన్నాను కదా” అంది.

ఇద్రీస్, అసలుది చూద్దురు రండని వాళ్ళను పక్కింటికి తీసుకెళ్ళాడు. దొరబాబు మొహం తిప్పుకున్నాడు గానీ, యూనివర్సిటీ నుంచి మేడ కోసం వచ్చారని వినగానే లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. అందరూ పైకి వెళ్ళారు. ఉమాశంకర్ గోడ ముందు నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ పల్లకీ ఏ కాలందో, ఆ రంగులు ఎలా చేసేవారో తగ్గు గొంతుతో చెప్పుకుపోయాడు. ఇద్రీస్ నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన కిటికీలోంచి పడే ఎండలోనే కొన్ని ఫొటోలు తీసుకున్నాడు.

కామేశ్వరి ముందు నాకేం కనిపించడం లేదని ఒప్పేసుకుంది. ఇకమీద లేనివి చూడనని పైకెక్కుతూ ఆ మెట్ల మీదే ఒట్టు పెట్టుకుందట. ఉమాశంకర్ ఒక్కొక్క గీతా వేలితో గాలిలో గీసి చూపిస్తే, అప్పుడు ఆ ఆడమనిషి కనిపించింది. అబ్బ అని ఊరుకుంది. దీపస్తంభాల జోలికి వెళ్ళలేదు.

ఇద్రీస్ ఉండబట్టలేక జెండా సంగతి చెప్పాడు. ఉమాశంకర్ దగ్గరికెళ్ళి చూసి, నిజమేనండోయ్, నేను గమనించలేదు అని నవ్వాడు. దొరబాబుకు మాత్రం నవ్వు రాలేదు.

“మా తాతల ఓడ బావా అది. ఆ జెండాతోనే రంగూను ఎల్లొచ్చింది” అన్నాడు. “ఎటెగిరితే నీకేటి?”

అన్నాక గానీ తను ఇద్రీస్‌తో మాట్లాడడం మానేశానన్న సంగతి అతనికి గుర్తురాలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ సాయంత్రం టీ మామూలే.

కామేశ్వరి నెల్లాళ్ళు మహిళామండలి మీటింగులకు వెళ్ళలేదు. తర్వాత కూర్చుని, జరిగింది జరిగినట్టు పత్రికలో రాసేసింది, డ్రమ్ముతో సహా. ఆ వ్యాసం మొదటిదానికంటే ఎక్కువమంది చదివారు. ఈసారి వచ్చినవాళ్ళు రెండిళ్ళూ చూశారు. పిల్లలు ఇద్రీస్ ఇంటి ముందే ఆగిపోయేవారు. పెద్దవాళ్ళు మేడ మీదికెళ్ళి, కనిపించినా కనిపించకపోయినా చాలా గొప్పగా ఉందని దిగేవారు. దొరబాబు తువ్వాలు భుజాన వేసుకుని తాతల కథలు చెప్పేవాడు. వినేవాళ్ళు శ్రద్ధగా వింటే రంగూన్ వెళ్ళే ఓడలు కూడా పెరిగిపోయేవి.

రెండువేలు దాటాక ఒక్కొక్కటే మారింది. లారీలకు రేడియం స్టిక్కర్లు వచ్చాయి. నెమలి కావాలంటే దుకాణంలో కొనుక్కొచ్చి అంటించుకోవడమే. షెడ్డులో ఇద్రీస్‌కు నంబరు ప్లేట్లు రాసే పని మిగిలింది. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి దొరబాబు బూత్‌లో ఈగలు ముసిరాయి. మేడను కాపాడతామని ఆఫీసర్లు ఒకసారి వచ్చి టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళారు. మళ్ళీ వచ్చిన కొత్త ఆఫీసర్లు కూడా కొలుచుకునే వెళ్ళారు. పై కప్పు కారుతుంటే ఇద్రీస్ పాత లారీ టార్పాలిన్లు తెచ్చి కప్పాడు. ఒక వానాకాలం అవి కూడా ఆగలేదు. తెల్లవారి చూస్తే ఓడ ఉన్న గోడలో పై సగం విరిగి కింద పడి ఉంది. దొరబాబు పెచ్చులన్నీ ఏరి బియ్యం డబ్బాలో వేశాడు. ఇద్రీస్ పక్కన కూర్చుని, ఏ ముక్క ఎక్కడిదో చూడబోయి, కుదరక మానేశాడు. ఆ రోజు మదీనా బీయే టీ అక్కడికి తెచ్చింది.

ఇప్పుడు ఇద్దరికీ వయసైంది. అయినా సాయంత్రాలు ఆ హాలులో చాప వేసుకుని, మిగిలిన సగం గోడకు ఎదురుగా కూర్చుంటారు. బస్తాలు మోసే కూలీలు ఉన్నారు, పల్లకీ ఉంది, వరండాలో ఆడమనిషి కాళ్ళ నుంచి నడుము దాకా ఉంది. పై సగంలో ఏముండేదన్నదాని మీద వాళ్ళిద్దరికీ ఎడతెగని తగువు. ఆమె చేతిలో చిలక ఉండేదంటాడు ఇద్రీస్. చిలక కాదు, అద్దం అంటాడు దొరబాబు, మా ఇంటి ఆడోళ్ళ సంగతి నీకేం తెలుసని. ఇద్రీస్ నేల మీద వేలితో చిలక గీసి చూపిస్తాడు. దొరబాబు దాన్ని అరచేత్తో తుడిచేస్తాడు.

ఉమాశంకర్ తీసిన ఫొటోలు ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఒక్కసారి అడిగితే కాపీ పంపిస్తాడు. మదీనా బీ ఆ మాట చాలాసార్లే చెప్పింది. ఇద్దరూ సరేనంటారు, రేపు అడుగుదామంటారు, టీ తాగి మళ్ళీ చిలక దగ్గర మొదలుపెడతారు.